ఒళ్ళో పంపుతో వఫ్రా ప్రయాణం

శుక్రవారం పొద్దున ఆరున్నరకు కువైట్‌లోని ఫర్వానియాలో బస్సెక్కాను. ఒళ్ళో కొత్త పంపు. డ్రైవరు దాన్ని చూసి, "ఇస్కా భీ టికెట్ లగేగా" అన్నాడు, దీనికీ టికెట్టేనని. నేను రాయచోటి బజారులో అంగళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. సీటు తీసుకుంటే టికెట్టు, ఒళ్ళో కూర్చుంటే చంటిబిడ్డ లెక్కేనని వాదించి గెలిచాను. ఆ గెలుపుకు ఫలం, అహ్మది చేరేసరికి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కడం.

పక్క సీట్లో గోదావరి జిల్లా వెల్డరు. "ఏవండీ, బాబుకి పేరెట్టారా?" అన్నాడు.

"అమ్ముడుపోయాక పెడతానండి."

ఈ ప్రయాణానికి కారణం సుభాన్. మా ఊరివాడే. వఫ్రా తోటల్లో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. భార్య జరీనా అదే ఇంట్లో వంటమనిషి. మొగుడూ పెళ్ళాలకు ఒకే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర పని దొరకడం ఎంత అరుదో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఇంటిని చల్లబరిచేది మామూలు ఏసీ కాదు. బోరు నీళ్ళు ఒక మిషన్ గుండా పోతూ ఇంట్లో వేడిని మోసుకుపోతాయి. జూన్ ఎండలో గాలికంటే భూమిలో నీళ్ళే చల్లన, అదే దాని కిటుకు. ఈమధ్య ఆ మిషన్ కాసేపు తిరిగి ఆగిపోతోంది.

"జుమ్మా నమాజు అయినాక కఫీల్ ఇంటిల్లిపాదీ వస్తారన్నా," అన్నాడు సుభాన్ ముందురోజు ఫోనులో. "అప్పటికి ఇల్లు చల్లబడకపోతే మిషన్ పీకేస్తాడంట. నేనూ ఖలాసంట, పని ఊడినట్టే. నేను పోతే జరీనా ఒక్కతే ఈడ ఉండాల."

నేను పంపుల అంగట్లో పనిచేస్తాను. ఆగిపోతోంది అన్న మాట చెవిన పడగానే పంపు పోయిందని, అమ్మకం ఖాయమని తేల్చేసుకున్నాను.

అహ్మదిలో ఎనిమిదింటికి దిగి మలబారు హోటల్లో పరోటా, చాయ్ కానిచ్చాను. అక్కణ్ణుంచి సుభాన్ పికప్పే దిక్కు. దారి పొడుగునా ఇసుక, దూరంగా చమురు బావుల మంటలు, తర్వాత ఉన్నట్టుండి టమోటా తోటలు. వెళ్ళేవాళ్ళు నీళ్ళ సీసా మరిచిపోవద్దు.

మిషన్ గదిలో సుభాన్ గర్వంగా గేజీ చూపించాడు. "చూడన్నా, ప్రెషర్ ముందుకంటే ఎక్కువే ఉంది!"

నా అమ్మకం పోయినట్టే. పంపు భేషుగ్గా ఉంది. అయితే నీళ్ళు మిషన్‌లోకి పోయేచోట ఎంత ప్రెషరో, బయటికొచ్చేచోటా దాదాపు అంతే. ఆ రెంటికీ తేడా ఉంటేనే నీళ్ళు పారుతున్నట్టు. కొట్టు నిండా జనం, ఎవరూ కొనడం లేదు, ఎవరూ కదలడం లేదు. అదీ ఆ నీళ్ళ పరిస్థితి.

జరీనా చాయ్ తెచ్చి, "ఇంతకుముందు మిషన్‌లోంచి ఖర్జూరం చెట్ల కాలవలోకి నీళ్ళు ధబధబా పడేటివి అన్నా. వంటింట్లోకి ఇనపడేది. ఇప్పుడు సప్పుడే లేదు," అంది.

నేను సుభాన్ వైపు చూశాను. వాడు నేల చూపులు చూశాడు.

"కాలవలోకి పోయే వాల్వు నేనే బిగిచ్చినా అన్నా. అన్నన్ని నీళ్ళు ఊరికే పోతాంటే పానం ఒప్పలా. మనూర్లో బిందె నీళ్ళకు ఎట్ల కొట్లాడినాం!"

కోప్పడదామంటే నవ్వొచ్చింది. ఈ తప్పు మా సీమవాళ్ళకే సాధ్యం. వాడి చోట నేనున్నా అదే చేసేవాణ్ణి.

వాల్వు పూర్తిగా తెరిచాను. కాలవలో నీళ్ళు దూకాయి, మిషన్ అందుకుంది. నేను మీసం దువ్వుకునేలోపే వంటింట్లోంచి కేక: "అన్నా, కొళాయిలో బొట్టు రాలా!"

ఇంటికీ అదే పంపు మరి. అత్యాశకు పోయానన్నమాట. ఇక అటు కాలవతో, ఇటు కొళాయితో బేరం మొదలుపెట్టాను. కొంచెం బిగించడం, గేజీలు చూడడం, జరీనాను అడగడం. మిషన్ మీద రాసిన ప్రెషర్ తేడా వచ్చేదాకా, కొళాయి ఊరుకునేదాకా రెండువైపులా వాదించింది నేనే. మిషన్ మళ్ళీ ఆగలేదు. పన్నెండింటికి జరీనా దుపట్టా భుజాల నిండా కప్పుకుని, "సలేస్తాంది," అంది. అంత అందమైన మాట జూన్ నెలలో కువైట్‌లో నేనెప్పుడూ వినలేదు.

జుమ్మా తర్వాత కఫీల్ వచ్చాడు. చల్లగాలికి చెయ్యి పెట్టి, "మాషాల్లా! పంపు మార్చావా?" అన్నాడు హిందీలో. పంపు నా కాళ్ళ దగ్గరే ఉంది. అవునంటే చాలు, అమ్ముడుపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ రేపు మిషన్ మళ్ళీ ఆగితే సుభాన్ కొలువును ఆ పంపు నిలబెట్టదు.

"పంపుకేం కాలేదు బాబా. నీళ్ళు ఆదా చేద్దామని సుభాన్ వాల్వు ఎక్కువ బిగించాడు. అదెంతవరకు తిప్పాలో ఇప్పుడు కువైట్ మొత్తంలో ఇద్దరికే తెలుసు. నేనేమో ఫర్వానియాలో ఉంటాను."

ఆయన సుభాన్‌ను పైకీ కిందకీ చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "ఖలాస్! వాల్వు ఇతనిదే. ఇంకెవరూ ముట్టొద్దు."

నిన్నటి ఖలాసే, కానీ ఎంత తేడా!

సాయంత్రం అహ్మదిలో తిరుగు బస్సు. ఒళ్ళో పంపు, పంపు మీద సుభాన్ ఇచ్చిన టమోటాల పెట్టె. ఎదురుగా ఏమీ కనపడలేదు. సరుకు వెనక్కి మోసుకొస్తూ ఇంత గర్వపడిన వ్యాపారి మా బజారులో ఇంకొకడు ఉండడు. సగం దారిలో జరీనా ఫోను.

"అన్నా, మాట్లాడొద్దు. ఊరికే ఇను."

ఫోను వంటింటి కిటికీ దగ్గర పెట్టినట్టుంది. ధబధబా నీళ్ళు. మధ్యలో పార చప్పుడు. ఆ నీళ్ళు కొత్త ఖర్జూరం మొక్కలదాకా పోయేలా సుభాన్ కాలవ పొడిగిస్తున్నాడట.