గొడ్డలికి అడ్డంగా పడుగు

డెబ్బైల చివర్లో నేను కొత్త కోడలిగా కాశిబుగ్గ వచ్చాను. మా వీధిలో నేతవాళ్లందరూ కానుగ చెట్ల నీడలోనే పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టేవారు. ఒకరోజు పొద్దున్నే, రోడ్డు వెడల్పు చేయాలంటూ చెట్లు కొట్టే మనుషులు వచ్చారు. ఎంత బతిమాలినా మేస్త్రీ వినలేదు.

మా అత్తమ్మ లోపలికి పోయి పడుగు తెచ్చింది. ఆమెను చూసి ఇరుగుపొరుగు ఆడవాళ్లూ తెచ్చారు. చెట్టు నుంచి చెట్టుకు దారాలు పరిచి కట్టాం. ఒక కొస నా చేతిలో పెట్టారు. గొడ్డలి పట్టుకున్నతను సరిగ్గా నా ముందుకే వచ్చాడు. కొస వదలకుండానే వెనక్కి తూలాను.

"భయపడకు బిడ్డా, చెట్టుకు ఆనుకో," అంది అత్తమ్మ.

ఆనుకొని కళ్లు మూసుకున్నాను. ఎంతకూ దెబ్బ పడలేదు. తెరిచి చూస్తే అతను చెప్పులు విడిచి, పడుగుకు తగలకుండా పక్కకు జరుగుతున్నాడు.

"నరుకుతలేవేందిరా?" మేస్త్రీ కసిరాడు.

"పడుగు తెంపితే పాపం తగుల్తది. మా అమ్మ గూడ నేసేది. నాతోని కాదు," అన్నాడతను.

వారం దాకా పడుగులు విప్పలేదు. చివరికి రోడ్డే పక్కకు జరిగింది.

కొత్త కోడలు చెట్టును కాపాడిందని వీధిలో అందరూ చెప్పుకునేవారు. ఆ పొద్దున నేను పడిపోకుండా నిలబెట్టింది ఆ చెట్టేనని అత్తమ్మకూ నాకూ మాత్రమే తెలుసు.