మంచమంత చేప

ఒక కరీబియన్ దీవిలో నేను సముద్రంలో డైవింగ్ నేర్పిస్తాను. నీళ్ళ కింద చేతి సైగలే మాటలు కాబట్టి ఈ పని నా బిడియానికి సరిపోయింది. కష్టమంతా పైకొచ్చి పడవ ఎక్కాకే, నోరు విప్పాల్సి వచ్చినప్పుడే.

ఆ ఉదయం నా దగ్గర నేర్చుకునే ఆరుగురూ నీళ్ళ అడుగున ఒక తాబేలు చుట్టూ చేరారు. వాళ్ళ వెనక నుంచి తెల్లచుక్కల పెద్ద చేప ఒకటి, పక్షిలా రెక్కలాడిస్తూ పోయింది. నేను సైగ చేసేలోగా కనుమరుగైంది. పడవలో అందరూ తాబేలు గురించే మాట్లాడుకున్నారు. నేను గాలి సిలిండర్లు సర్దుతూ ఉండిపోయాను. ఆ చేప సంగతి డైరీలో తెలుగులో రాసుకున్నాను. ఈ దీవిలో అది చదవగలిగేది నేనొక్కదాన్నే.

రోజూ ఒడ్డుకు రాగానే నస్పూర్‌లోని మా ఇంటికి, నాన్నకు ఫోన్ చేస్తాను. బాపు భూమి కింద బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరయ్యాడు. ఆయన అడిగేవి ఎప్పుడూ రెండే.

"పైకొచ్చినవా బిడ్డా?"

"వచ్చిన బాపు."

"అందరొచ్చిండ్రా?"

"వచ్చిండ్రు."

రోజూ అక్కడితో ఫోన్ పెట్టేస్తాం. ఆ రోజు నేను పెట్టలేదు.

"బాపూ, ఇయ్యాల మంచమంత చేపను చూసిన. రెక్కలున్నయి."

"చేపకు రెక్కలేంది? ఇంకెవలన్న చూసిండ్రా?"

"ఎవలు చూడలే."

బాయిలో తానొక్కడే చూసినవి ఆయనకూ ఉండే ఉంటాయి.

"జర ఆగు, మీ అవ్వను పిలుస్త," అంటూ అమ్మను కేకేశాడు. "మళ్ల మొదటిసంది చెప్పు."