గిద్ద లేని పట్టిక

పోయిన ఆదివారం ఆత్మకూరు బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన చెక్కగానుగ అంగడి ముందు మా ఆవిడ నన్ను నిలబెట్టి, ఇంటికి ఏ నూనె మంచిదో తేల్చి చెప్పమంది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా, ఇలాంటివి అందరూ నన్నే అడుగుతారు. అంగడి గోడ మీద వేరుశెనగ, నువ్వులు, కొబ్బరి నూనెల గుణాలను అంకెలు వేసి మరీ రాశారు. మూడో అంకె దగ్గర ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉంది. పన్నెండేళ్ల కిందట ఆ రెండు మాటలూ నా చేతిరాతతో మా వంటింటి గోడ మీద ఉండేవి.

మాది ఉదయగిరి పక్క పల్లె. మెట్టచేలో పండిన వేరుశెనగ కాయలు ఒలిచి, గింజల మూటలు గానుగకు తీసుకుపోయి, మనుషులకు నూనె, గొడ్లకు నూనె పిండగా మిగిలిన చెక్క తెచ్చుకునేవాళ్లం. వేడివేడి చెక్క ముక్కను దొంగతనంగా కొరకని వాళ్లు నా ఈడు వాళ్లలో ఉండరనుకుంటాను. ఇంట్లో నూనె జాడీ మీద పెత్తనమంతా మా అవ్వది, అంటే నాయన తల్లిది. పొద్దున్నే ఆమె ఇత్తడి గిద్దతో ఒక్క కొలత నూనె గిన్నెలో పోసి, జాడీ మూతికి మళ్లీ గుడ్డ కట్టేసేది. నలుగురికి ఆ రోజుకు అంతే. తాలింపుకైనా, దోసె పెనానికైనా ఆ గిన్నెలోంచే; అది అయిపోతే మా అమ్మ పచ్చిపులుసు చేసేదే తప్ప జాడీ జోలికి పోయేది కాదు. పండక్కి వడలు వేపితే మిగిలిన నూనె మర్నాటి కూరకు, ఆ పైన మిగిలింది దీపానికి. ఇదంతా పిసినారితనమని నాకు లోలోపల కోపంగా ఉండేది.

నేను చదువు ముగించి వచ్చిన ఏడాది నాయనకు గుండెపోటు వచ్చింది. నెల్లూరు డాక్టరు ఇంటికి పంపుతూ నూనె తగ్గించమన్నాడు. తగ్గించడం నాకు మరీ చిన్న పనిగా తోచింది. చదువుకున్నవాడు చేయాల్సింది మార్చడం అనుకున్నాను. స్కేలు పెట్టి గీతలు గీసి మూడు గడుల పట్టిక తయారుచేశాను: నూనె పేరు, మంచిదా చెడ్డదా, ఎందుకు. నెయ్యి, పామాయిల్, మా వేరుశెనగ నూనె చెడ్డవి. రిఫైండ్ ప్యాకెట్ మంచిది, కొలెస్ట్రాల్ లేదు కనుక. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది ఉండదని చదువుకున్నవాణ్ణే, ప్యాకెట్ మీది మాట చూసి రాసుకున్నాను.

జాడీనీ గిద్దనీ అటక ఎక్కించబోతుంటే గడప మీద కూర్చున్న అవ్వ ఆపింది.

“ఏందిరా అబ్బయా, ఇన్నేండ్లు మీ నాయనకు నేను ఇసం పెట్టినానా?”

“అది కాదవ్వా, ఈ నూనె గుండెకు మంచిది.”

“మంచిదైతే తెచ్చుకో. గిద్ద యాడికి తీసకపోతా ఉండావు?”

ప్యాకెట్‌కు గిద్ద ఎందుకని నేను నవ్వాను.

మంచి నూనె అనేసరికి అమ్మ చెయ్యి ధారాళమైంది. వంకాయ కూర మీద నూనె తేలేది, వారానికి రెండుసార్లు బజ్జీలు. నాయన నా పట్టిక మీద వేలితో కొట్టి, అమ్మతో “మా అమ్మ రాజ్యం పోయింది మే, ఇంకో రెండెయ్యి. మనోడే రాసినాడు గదా గుండెకు మంచిదని!” అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. బాణలిలో నల్లబడిన నూనె మీదే అమ్మ కొత్త ప్యాకెట్ పోసేది. శనివారం శనివారం ఆత్మకూరు నుంచి ఆ ప్యాకెట్లు మోసుకొచ్చింది నేనే. సంచి బరువెక్కుతున్న కొద్దీ నాయన ఇష్టంగా తింటున్నాడని సంతోషించాను.

మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు, ఇంట్లో నూనె ఎంత వాడుతున్నారని డాక్టరు అడిగాడు. నేను పేర్లు చెప్పాను. ఎంత, అని మళ్లీ అడిగాడు. అమ్మ నెల ప్యాకెట్లు వేళ్ల మీద లెక్కపెట్టి, రెండో చేతికి వచ్చేసరికి తల దించుకుంది. “పేరు ఏదైనా నూనె నూనేనయ్యా, నేను చెప్పింది కొలత గురించి,” అన్నాడాయన. ఆ రోజే పట్టిక చింపేశాను. నాయన ఆ ఎండాకాలం దాటలేదు.

నూనె వల్లేనని ఎవరూ అనలేదు. బీడీలున్నాయి, పాత జబ్బుంది. కారణాలు వరుసగా రాసుకునే అలవాటు నాది. ఎన్నిసార్లు రాసినా ఆ వరుసలో నా పట్టిక కూడా ఉంటుంది.

దినాలయ్యాక అవ్వ గిద్ద తెమ్మంది. అటక మీద జాడీ ఉంది, గిద్ద లేదు. స్టీలు సామాన్ల బండివాడు వస్తే పాత ఇత్తడితో పాటు అమ్మ దాన్నీ వేసేసిందట. అవ్వ అమ్మను ఒక్క మాట అనలేదు. నా వైపు చూసి, “పోనీలేరా. ఇంక కొలవను ఎవురికి?” అంది. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ తన కూరలో తాలింపు వేయించుకోలేదు.

ఆత్మకూరు అంగట్లో గిద్ద ఉందా అని అడిగాను. “గిద్దా? లీటరు, అరలీటరు ఉండాయన్నా,” అన్నాడు నా ఈడే ఉన్న అంగడతను. వేరుశెనగ నూనే కొన్నాం. గానుగ తిరిగొచ్చింది, ఒకప్పుడు నేను చెడ్డదన్న నూనె గోడల మీద మళ్లీ మంచిదయింది. జాడీ మూతికి గుడ్డ కట్టే మనిషి మాత్రం ఏ ఇంట్లోనూ లేదు. గిద్దంటే ఎన్ని మిల్లీలీటర్లో నాకు తెలుసు. అయినా మా ఆవిడ బాణలి మీద సీసా వంచిన ప్రతిసారీ, ఏ పనిలో ఉన్నా లేచి వెళ్లి వంటింటి గడప దగ్గర నిలబడతాను.