సూదిపెన్సిల్ గీయని గీతలు

ఆ స్టూడియోలో ఆమెను అందరూ సూదిపెన్సిల్ అనేవారు. పెన్సిల్ ములికిని గరుకు కాగితం మీద రుద్ది రుద్ది సూదిమొనలా చేస్తే గానీ పనికి కూర్చునేది కాదు. వెక్కిరింతగా పుట్టిన పేరు కాస్తా కొన్నాళ్ళకి వీధి మొత్తానికీ అసలు పేరైపోయింది.

ఆమెకు పదహారేళ్ళప్పుడు తండ్రి పోయాడు. మేనమామ ఆమెనూ తల్లినీ తన ఇంటికి తెచ్చుకున్నాడు. స్టూడియో ఆయనదే. కింద ఫోటోలు తీసే గది, దాని వెనక చీకటిగది, మేడ మీద కిటికీ పక్కన ఒక వాలుబల్ల. బల్ల మధ్యలో చెక్క కోసి గాజు బిగించారు. గాజు మీద నెగటివ్ పెట్టి, కింద అద్దం వాల్చితే కిటికీ వెలుతురు అద్దం మీద పడి పైకి కొట్టేది. అప్పుడు ఎవరి ముఖమైనా తెల్లజుట్టుతో, నల్లపళ్ళతో దర్శనమిచ్చేది.

"నెగటివ్ మీద పెన్సిల్ ఆనిస్తే ఫోటోలో తెల్లబడుతుంది. బ్లేడుతో గీకితే నల్లబడుతుంది. విద్య ఇంతే, మిగతాదంతా ఓపిక," అని మామయ్య మొదటి రోజే తేల్చేశాడు.

ఓపికకేం, బోలెడంత ఉంది. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె చెయ్యి తిరిగింది. మచ్చలు మాయమయ్యేవి, మెల్లకన్ను సర్దుకునేది, చామనఛాయ పిల్ల పెళ్ళిచూపుల ఫోటోలో పాలమీగడలా తేలేది. తీరిక దొరికితే గుడ్డ తెరల మీద పాలరాతి మెట్లూ గులాబీ తోటలూ వేసేది. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు వచ్చి ఆ మెట్ల ముందు జమీందారుల్లా నిలబడి వెళ్ళేవారు.

కెమెరా మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు మామయ్య. "కెమెరా నాది, పెన్సిల్ నీది. ఆ గీత దాటకు."

ఆమె దాటింది. మామయ్య మధ్యాహ్నం భోంచేసి గుర్రుపెట్టే గంటన్నరలో కిందికి దిగి, మిగిలిపోయిన ఫిలిం ముక్కలతో తల్లిని తీసేది, ఎదురింటి దర్జీని తీసేది, ఎవరూ దొరక్కపోతే ఖాళీ కుర్చీని తీసేది. తల్లికి ఈ సంగతి తెలుసు. మామయ్య మంచం కిర్రుమంటే చాలు, మెట్ల దగ్గర నిలబడి దగ్గేది. అలా పదేళ్ళు గడిచాయి.

ఊరి చివర నూలు మిల్లు ఉంది. ఒక రోజు అక్కడ పనిచేసే ఒకామె కుడిచెయ్యి యంత్రంలో పడి రెండు వేళ్ళు పోయాయి. పళ్ళచక్రాలకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీ అక్కడ లేదని కార్మికులు గోల చేశారు. జాలీ ఉందనీ, తుడిచేటప్పుడు ఆమే తీసి పక్కన పెట్టుకుందనీ మిల్లువాళ్ళు అన్నారు. విచారణకు వచ్చిన కార్మిక శాఖ అధికారి, యంత్రం ఉన్నదున్నట్టు ఫోటో తీయించి పంపమని ఆదేశించి వెళ్ళాడు.

మిల్లు నుంచి కబురొచ్చేసరికి మామయ్య నడుం పట్టేసి మంచం మీద మూలుగుతున్నాడు.

"నేను వెళ్ళొస్తాను," అంది ఆమె.

"నువ్వా? కెమెరా ఎటు పట్టుకోవాలో తెలుసా నీకు?"

ఆమె మేడ మీదికెళ్ళి తను తీసిన ఫోటోల కట్ట తెచ్చి ఆయన పొట్ట మీద పెట్టింది. మామయ్య ఒక్కొక్కటే తిప్పి చూశాడు. దర్జీ ఫోటో దగ్గర చాలాసేపు ఆగాడు. ఆ తర్వాత పైకప్పు వైపు చూస్తూ, "ట్రైపాడ్ ఎడంకాలు వదులుగా ఉంటుంది. చూసుకో," అన్నాడు.

మిల్లులో ఆమె తొందరపడలేదు. కెమెరాను యంత్రానికి ఎదురుగా నిలిపి, తలమీద నల్లగుడ్డ కప్పుకుని చూసింది. పళ్ళచక్రాలు నోరు తెరుచుకుని ఉన్నాయి. జాలీ బిగించే నాలుగు మరల చిల్లుల్లో తుప్పూ, దాని మీద నెలల తరబడి పేరుకున్న దూదీ. తీసింది ఒక్క ఫోటో. అందులో ఆ నాలుగు చిల్లులూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి. సాయంత్రమే ఒక ప్రింటు వేసి మిల్లుకు పంపింది.

మర్నాడు పొద్దున్నే మిల్లు మేనేజరు స్టూడియోకు స్వయంగా వచ్చాడు. మామయ్య నడుం పట్టుకుని లేచి కుర్చీ వేశాడు. మిల్లు జనానికి గుర్తింపు కార్డుల ఫోటోలన్నీ ఇక్కడే దిగుతాయి మరి.

"ఫోటో బ్రహ్మాండంగా ఉందమ్మాయ్," అన్నాడు మేనేజరు. "చిన్న లోపం. జాలీ కనబడటం లేదు. నాలుగు గీతలు అటు, నాలుగు గీతలు ఇటు గీసేస్తే సరిపోతుంది."

"కనబడకపోవడం కాదండీ, అక్కడ లేదు."

"నా నెత్తి మీద మాత్రం జుట్టుందా? నా ఫోటోలో పెట్టలేదూ? జుట్టు పెట్టిన చేతికి జాలీ పెట్టడం ఎంతసేపు?"

మామయ్య నవ్వబోయి, మేనకోడలి ముఖం చూసి ఆగిపోయాడు.

"మీ నెత్తి మీద జుట్టు పెడితే ఎవరి వేళ్ళూ తెగవండీ," అంది ఆమె. "ఇది నేను గీయను."

మేనేజరు ముఖం జేవురించింది. మామయ్య వైపు తిరిగి, "ఏమండీ మాస్టారూ, స్టూడియో మీదా, ఈ అమ్మాయిదా?" అని లేచి వెళ్ళిపోయాడు.

అతను గుమ్మం దాటాడో లేదో మామయ్య విరుచుకుపడ్డాడు. "నీకు తిక్కా? ఊళ్ళో సగం మందికి ముక్కులు చెక్కావు. ఈ రోజు హరిశ్చంద్రుడి చెల్లెలివైపోయావా?"

"ముక్కులు చెక్కాను మామయ్యా, కాదనను. వాళ్ళు అడిగారు, వాళ్ళ ముక్కులవి. ఈ చెయ్యి ఎవరిదో ఆవిణ్ణి అడిగారా?"

"నెగటివ్ ఇలా ఇవ్వు. నేనే గీస్తాను."

"ఇవ్వను."

కాగితం కవరును గుండెలకు అదుముకుని నిలబడింది. మామయ్య చెయ్యి చాచే ఉంచాడు. ఆమె కదల్లేదు. ఆయన ఎదుట గొంతు లేపడమే ఎరగని పిల్ల, ఆ పూట చూపు దించలేదు. చివరికి చాచిన చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

వంటగదిలోంచి తల్లి వచ్చింది. చీవాట్లు పడతాయనుకుంది కూతురు. "ఎదురు చెప్పనైతే చెప్పావు. ఇక మధ్యలో తల దించావంటే నేనూరుకోను," అని మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఇంకో మూడు ప్రింట్లు వేసింది. ఒకటి అధికారికి, ఒకటి వేళ్ళు పోయినామెకు. మూడోది పెళ్ళికూతుళ్ళ ఫోటోల మధ్య స్టూడియో అద్దాల బీరువాలో పెట్టింది. మామయ్య తీసేశాడు. ఆమె మళ్ళీ పెట్టింది. ఆయన మళ్ళీ తీశాడు. వారం రోజులు నడిచిన ఈ యుద్ధం చూడటానికి ఎదురింటి దర్జీ కుట్టుమిషన్ని కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు.

విచారణ రోజు కార్మిక శాఖ ఆఫీసు గది కిటకిటలాడింది. మిల్లు తరఫు వకీలు లేచి, "ఈవిడ వృత్తేమిటండీ? ఉన్నదాన్ని లేనట్టూ, లేనిదాన్ని ఉన్నట్టూ చేయడం. అక్కడున్న జాలీని ఈవిడే చెరిపేయలేదని ఏమిటి నమ్మకం?" అన్నాడు.

వేళ్ళు పోయినామె కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఇటే చూస్తోంది. సూదిపెన్సిల్‌కు ఆ చూపు తగిలింది. వకీలు అన్నదాంట్లో సగం నిజమే మరి. పదేళ్ళుగా ఆమె చేసింది అదే.

"ఆయన చెప్పింది నిజమేనండీ, నా వృత్తి అదే," అంటూ లేచింది. "అందుకే నా చెయ్యి పడిన నెగటివ్ ఎలా ఉంటుందో నేనే చూపిస్తాను."

సంచిలోంచి రెండు కవర్లూ ఒక భూతద్దమూ తీసి అధికారి బల్ల మీద పెట్టింది. "ఏటవాలుగా వెలుతురుకు పెట్టి చూడండి. పెన్సిల్ పడిన చోట మెరుస్తుంది. బ్లేడు పడిన చోట గీరుకుపోయి ఉంటుంది. ఎంత నేర్పున్నా దాచలేం."

అధికారి ముందు యంత్రం నెగటివ్‌ను పట్టుకుని, అటూ ఇటూ వంచి, అంగుళం అంగుళం చూశాడు. నీళ్ళలా నున్నగా ఉంది. రెండోది ఎత్తాడు. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు. నెత్తి నిండా వందలకొద్దీ బ్లేడు గీతలు. అధికారి తలెత్తి మేనేజరు నున్నటి బోడిగుండు వైపు చూశాడు, మళ్ళీ నెగటివ్ వైపు చూశాడు. గదంతా ఒక్కసారి ఘొల్లుమంది. వేళ్ళు పోయినామె కూడా కట్టుకట్టిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చింది. పరిహారం దక్కింది, గోదాములో తేలిక పని దొరికింది. నెల తిరక్కుండా మిల్లులో ప్రతి యంత్రానికీ జాలీలు బిగించారు. స్టూడియోకు మాత్రం మిల్లు పని పూర్తిగా ఆగిపోయింది.

"ఇంట్లో ఉండు, కాదనను. స్టూడియోలో మాత్రం వద్దు," అన్నాడు మామయ్య.

"పని లేని చోట తిని కూర్చోలేను మామయ్యా," అని తల్లిని వెంటబెట్టుకుని బయటికి నడిచింది. వెల్డింగు షాపు పక్కన ఒక గది తీసుకుంది. గోడకు బూడిదరంగు వేయించింది. మెట్లూ తోటలూ లేవు. సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి కొంది. బోర్డు మీద తన చేత్తోనే పెద్ద అక్షరాల్లో రాసింది: "ఉన్నదున్నట్టు తీయబడును. ఇష్టం లేనివారు ముందే చెప్పవలెను."

చాలామంది ముందే చెప్పి వెళ్ళిపోయారు. ఆమె బోర్డు మార్చలేదు. మొదట మిల్లు జనం వచ్చారు, తర్వాత వెల్డర్లు, రైల్వే కూలీలు, చాకిరేవు ఆడవాళ్ళు. మసిచేతులతో వచ్చినవాణ్ణి కడుక్కోమనేది కాదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, నేరుగా కెమెరా కంట్లోకి చూసేవారు. అలా తీసినవాటిలోంచి ఎంచిన నలభై ఫోటోలు తర్వాతెప్పుడో పెద్ద ఊళ్ళో ప్రదర్శనకు వెళ్ళాయి. అక్కడెవరో ఆమెను కళాకారిణి అన్నారట. ఆమె ఆ రోజంతా తల్లిని ఆ మాటతోనే ఏడిపించింది: "కళాకారిణికి కాఫీ కలిపి పెట్టవే అమ్మా."

ఆ గది తీసుకున్న మూడేళ్ళకి ఒక మధ్యాహ్నం మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పలకరింపు లేకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"ఒక ఫోటో కావాలి. కళ్ళ కింద ఈ సంచులు మాత్రం కాస్త చూడు."

"కుదరదు మామయ్యా."

"నేర్పినవాణ్ణి. నాకు కూడానా?"

"బోర్డు చదివే లోపలికొచ్చావు."

ఆయన విసురుగా లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ బోర్డు చదువుతున్నవాడిలా కాసేపు నిలబడ్డాడు. వెనక్కి వచ్చి కూర్చుని, చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

"ఊఁ, తియ్యి."

"గడ్డం కొంచెం పైకెత్తు," అంది ఆమె నల్లగుడ్డ కిందినుంచి.