మందు చెమట

దుప్పటి మీద ఒక చుక్క పడింది. ఇస్త్రీపెట్టె దాన్ని దాటి వెళ్ళిపోయింది. ఆవిరి తేలాక చూస్తే తెల్లటి బట్టలో నారింజ రంగు మచ్చ మిగిలింది.

లాండ్రీలో అందరూ అతన్ని మడతన్న అంటారు. హోటళ్ళ దుప్పట్లు అతని చేతిలో పడితే, నాలుగంచులూ ఒకదాని మీద ఒకటి తలవాల్చి నిద్రపోతాయి. కిటికీ పక్కనున్న తెల్లబట్టల బల్ల అతనిదే. అక్కడ నిలబడే జుట్టు నెరిసింది.

"అన్నయ్యా, బనీను నారింజ తొక్కలా ఉందేంటి? చొక్కా రంగు దిగుతోందా?" అంది ఎదుటి బల్ల ఆవిడ.

"తెల్లచొక్కాకి రంగెక్కడిదమ్మా?"

కారణం అతనికి తెలుసు. క్షయకి మింగే మాత్ర. ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందే చెప్పింది: "చెమటకి రంగు రావడానికి సవాలక్ష కారణాలు. బట్టల రంగు అంటొచ్చు, ఒంటిమీది సూక్ష్మజీవుల వల్ల రావచ్చు, రాగి పనిచేసేవాళ్ళకి పచ్చగా పట్టొచ్చు. నీకు మాత్రం ఈ ఎర్ర మాత్రే. కన్నీళ్ళు కూడా ఇదే రంగులో వస్తాయి, బెదరకు. ఇక నీ నుంచి ఎవరికీ అంటదు, పనిలోకి వెళ్ళు. మందు మాత్రం మధ్యలో మానకు."

కన్నీళ్ళ మాట విన్నా అతనికి ఏమీ అనిపించలేదు. రోగం పేరు తెలిసినప్పటి నుంచి, లోపల ఎవరో దీపం తగ్గించి బయటికి వెళ్ళిపోయినట్టుంది.

ఎవరికీ అంటదని డాక్టరమ్మకు తెలుసు. హోటళ్ళకు తెలియదు. ఈ సంగతి పొక్కితే దుప్పట్లు పంపరు; మర్నాటి నుంచి యజమాని అతన్ని లాండ్రీ గుమ్మం తొక్కనివ్వడు.

యజమాని ఆ దుప్పటి పట్టుకొచ్చాడు. "ఏంటయ్యా ఇది?"

"చెమటండి."

"చెమటకి రంగేంటి?"

దాచాలనుకోలేదు, చెప్పాలనీ అనుకోలేదు. నోరు దానంతటదే అంది: "మందు వల్లండి."

యజమాని దుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పొద్దున్నే మొదలెట్టేశావా? నువ్వా!"

మడతన్నకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. పుట్టి బుద్ధెరిగి సీసా ముట్టని మనిషి. ఒక్క మాటతో సరిదిద్దొచ్చు. ఆ మాటతోనే పనీ పోతుంది. తల వంచుకున్నాడు.

మర్నాడు యజమాని అతని భార్యను పిలిపించాడు. "అమ్మా, మీ ఆయన మందు వేసుకుంటున్నాడా?"

భర్త అంతా చెప్పేశాడనుకుని ఆమె తేలికగా ఊపిరి పీల్చుకుంది. "వేసుకుంటున్నారు బాబూ. ఒక్కరోజు తప్పనివ్వను. పొద్దున్నే పరగడుపున నేనే దగ్గరుండి వేయిస్తా."

"నువ్వే?"

"మానితే ప్రాణం మీదికొస్తుందన్నారు కదా!"

"ఎవరన్నారు?"

ఆమె నోరు తెరిచేలోగా మడతన్న అన్నాడు: "నేనేనండి."

ఎదుటి బల్ల ఆవిడ నవ్వాపుకోలేక దిండుగలీబులో మొహం దాచుకుంది. యజమాని తల పట్టుకున్నాడు. "ఇంత పనివాణ్ణి మళ్ళీ ఎక్కడ వెతకను? రంగుబట్టల బల్లకి పోవయ్యా. మానేశాక చూద్దాం."

గుమ్మం దాకా దిగబెట్టినప్పుడు భార్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ మందనుకున్నాడా! అయ్యో, ఎంత మాట పడ్డావు!" ఆమె నవ్వుతోందో, ఏడుస్తోందో. అతనికి ఆ చెయ్యి ఎక్కడో దూరంగా ఉన్నట్టనిపించింది.

రంగుబట్టల బల్ల గోడవారన ఉంది. అక్కడ గాలి రాదు. ముదురు రంగు పరదా ఒకటి పరిచి, పెట్టె అందుకున్నాడు.

"మా ఆయన తాగడానికి తోడు దొరికావని సంబరపడుతున్నాడు అన్నయ్యా," అంది అటుగా వచ్చిన ఎదుటి బల్ల ఆవిడ.

"ఇంకొన్ని నెలలేనమ్మా. తర్వాత మానేస్తా."

"అందరూ అదే అంటారులే!"