కోడిగుడ్ల గదికి పోనన్న పిల్ల

రేణిగుంట దగ్గర మా హైస్కూలులో నాకంటూ ఒక గది ఉంది. తలుపు మీద ‘ప్రత్యేక అవసరాల పిల్లల గది’ అని రంగుతో రాసి ఉంటుంది. లోపల మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల ట్రేలు, చిక్కీ పెట్టెలు ఉంటాయి. మిగిలిన చోట నేనూ, నా దగ్గర చదువుకునే పిల్లలూ. ఒక కుర్చీ వేయించమని అడిగితే, “గుడ్లు అయిపోతానే చూద్దాం మేడమ్” అన్నారు హెడ్మాస్టరు. గుడ్లు అయిపోయేలోపే కొత్తవి దిగుతాయి.

తనిఖీ అనగానే మాత్రం అందరికీ నా గది గుర్తొస్తుంది. అధికారి ప్రశ్న అడిగినప్పుడు నా పిల్లలు తడబడితే బడి పరువు పోతుందని, ఆ పూటకు వాళ్లను నా దగ్గరికి తోలేస్తారు. పోయినేడు అధికారి వెళ్లేదాకా మేం గుడ్ల మధ్య కూర్చుని చిక్కీలు నమిలాం. లెక్కల సారు కిటికీలోంచి తొంగిచూసి, “సప్పుడు సేయకుండా నమలండి” అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఈ ఏడూ తనిఖీ ముందురోజు పదో తరగతి గుమ్మం దగ్గర ఆయనే నన్ను ఆపాడు.

“రేపు మీ పిల్లోళ్లను మీ రూములో కూసోబెట్టుకోండి మేడమ్.”

మీ పిల్లోళ్లట. నేనేదో మా ఇంటి నుంచి తెచ్చినట్టు.

నా పక్కనే పదో తరగతి పిల్ల ఉంది. పుట్టుకతోనే కండరాలు బిగుసుకున్నందువల్ల మాట కూడదీసుకోవడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది. జవాబు తెలుసు. అది నోటిదాకా వచ్చేలోపు లెక్కల సారే చెప్పేస్తాడు.

“నేను... గుడ్లలో... కూసోను” అంది ఆ పిల్ల.

“తనిఖీకొచ్చే ఆయప్ప అడిగితే నువ్వు సెప్పేలోపల సాయంత్రమవుతాదమ్మా” అన్నాడు సారు.

నాకు ఒళ్లు మండింది. “మొన్న శ్రీహరికోట రాకెట్టు కోసం బడి మిద్దె మీద ఎంతసేపు నిలబడినారు సార్? దాని సప్పుడు వినాలని పిల్లోళ్ల నోటి మీద వేళ్లు పెట్టించి మరీ చూసినారే. ఈ పిల్ల మాట కోసం నిలబడలేరా?”

“రాకెట్టూ ఇదీ ఒకటేనా మేడమ్?”

“కాదు. ఇది మన బడిది.”

తరగతిలోంచి కిసకిసలు వినిపించాయి.

మర్నాడు వంటామెకు గుడ్లు ముందే తీసిచ్చి, గదికి తాళం వేసి, తాళంచెవి నా అన్నం క్యారియర్‌లో పెట్టుకున్నాను. ఇక వాళ్లను తోలడానికి చోటు లేదు. పదో తరగతిలో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఇనుము తుప్పు పట్టకుండా ఏం చేయాలని అడిగి, అధికారి ఆ పిల్లకేసే చూశాడు. ఆమె బల్ల పట్టుకుని లేచింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. లెక్కల సారు నోరు తెరిచాడు. ముందు బెంచీలో ఒక పిల్ల నోటి మీద వేలు పెట్టుకుంది. తర్వాత బెంచీ మొత్తం, ఆ తర్వాత తరగతి మొత్తం, మిద్దె మీద లాగే. సారు నోరు మూసుకున్నాడు.

“రంగు... వేయాల. మన బడి గేటుకు... ఎవరూ... వేయలేదు.”

అధికారి నవ్వి, “నిజమేనా సార్?” అని లెక్కల సారును అడిగాడు. ఆయన నీళ్లు నమిలాడు.

“నిదానంగా... సెప్పండి సార్” అంది ఆ పిల్ల.

వెళ్తూ వెళ్తూ అధికారి లెక్కల సారు చెయ్యి పట్టుకుని, పిల్లల దగ్గర ఇంత ఓపిక ఉండటం గొప్ప అన్నాడు. ఆయన కాదనలేదు. నా వైపు చూడనూ లేదు. ఇదీ నాకు గుర్తుంటుంది.

ఇప్పుడు ఆ పిల్ల జవాబు చెప్పడానికి లేస్తే ఆయనే తన నోటి మీద వేలు పెట్టుకుంటున్నాడు. గేటుకు రంగు కూడా వేశారు. కుర్చీ మాత్రం రాలేదు.