చిన్న అక్షరాలు చదివిన మా మేనత్త

పోయిన నెల ఒక బుధవారం పొద్దున ఆఫీసులో నా సీట్లో కూర్చోబోతుంటే నాన్న ఫోన్ చేశాడు. "అక్క పోయింది బిడ్డా" అన్నాడు. నాచారంలో తన ఇంట్లోనే, నిద్రలోనే పోయిందట మా మేనత్త. పేపర్లో ఫొటో పడేంత మనిషి కాదు. కానీ నేనీ రోజు బొమ్మలను నడిపించి బతుకుతున్నానంటే ఆమె వల్లే. అందుకే ఆమె గురించి మీతో చెప్పుకోవాలనిపించింది.

అత్తమ్మ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైంది. బల్లకు బిగించిన భూతద్దం కింద సర్క్యూట్ బోర్డులు పెట్టుకుని, అతుకులు సరిగ్గా పడ్డాయో లేదో చూడడం ఆమె ఉద్యోగం. ఇంట్లోనూ అదే చూపు. కొత్త కుక్కర్ కొంటే ముందు తిరగేసి అడుగు చూసేది. ఎవరేమడిగినా "సూసినంక చెప్త" అనేది. చూడకుండా మాత్రం ఏదీ చెప్పేది కాదు.

తెలంగాణ రావడానికి ఆరేడేళ్ల ముందు మాట. ఏఎస్ రావు నగర్‌లో యానిమేషన్ కోర్సు పూర్తిచేశాను. ఒక కంపెనీవాళ్లు అర నిమిషం బొమ్మ చేసి తెమ్మన్నారు. గోడెక్కి దూకే మేకపిల్లను మొదలుపెట్టాను. చిల్కానగర్‌లో మా ఇంట్లో ఉన్నదేమో పాత డెస్క్‌టాప్. మేక ఒక అడుగు వేసేది, రెండో అడుగుకు స్క్రీన్ బిగుసుకుపోయేది. గ్రాఫిక్స్ కార్డు వేస్తే పని నడుస్తుందన్నారు. షాపుకు ఫోన్ చేస్తే, "ఏ సిస్టంకైనా పడ్తది మేడం. కని వాపస్ తీస్కోం" అన్నాడు. ఈసారి ఉద్యోగం రాకపోతే బ్యాంకు కోచింగ్‌లో చేరతానని నాన్నకు మాటిచ్చి ఉన్నాను. చేతిలో ఉన్నది ఐదు రోజులు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తమ్మ వచ్చింది. నా ముఖం చూసి విషయం అడిగింది. అంతా విని ఒక్కటే మాట అంది.

"మూత తీసినవా?"

"లేదత్తమ్మా, భయం."

"గదేమన్న పామా? ప్లగ్గు పీకు. స్క్రూడ్రైవర్ తే."

గాజులు తీసి పక్కన పెట్టింది. ఒంట్లో కరెంటేమన్నా ఉంటే పోవాలని సీపీయూ డబ్బా ఇనుప అంచును ఒకసారి ముట్టుకుని, అప్పుడు లోపల చెయ్యి పెట్టింది. నేను టార్చి పట్టుకున్నాను. మదర్‌బోర్డు మీద దుమ్మును పెయింటు బ్రష్‌తో ఊడ్చి, పొడుగాటి స్లాటు పక్కనున్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్. కొత్తరకం కార్డు పట్టే స్లాటే! నేను ఎగిరి గంతేశాను.

"ఆగు. జాగ సరే, కరెంటో?"

లోపలి భాగాలకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె మీద నాలుగు వందల యాభై వాట్లని పెద్దగా రాసుంది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. కింద సన్నగా ఉన్న పట్టీని చూసి, పన్నెండు వోల్టుల దగ్గరున్న ఆంపియర్లను పన్నెండుతో గుణించింది. రెండు వందల వాట్లు కూడా రాలేదు.

"పెద్దక్షరాలు అమ్మెటోడు రాసిండు, చిన్నక్షరాలు జేసినోడు రాసిండు. మనం చిన్నయి సదువుదం."

తరవాత కుట్టు టేపుతో స్లాటు నుంచి హార్డ్‌డిస్క్ దాకా కొలిచి, స్వీటు డబ్బా అట్టను అంత పొడుగున కత్తిరించింది. దాన్ని లోపల పెట్టి చూసి తలూపింది. అప్పటికి ఛాయ్ చల్లారిపోయింది. అలాగే గటగటా తాగేసింది. ఆమె కళ్లు పరీక్ష హాల్లో తెలిసిన ప్రశ్న కనపడ్డ పిల్ల కళ్లలా మెరిశాయి.

మర్నాడు షాపతను నా వైపే చూస్తూ పెద్ద కార్డొకటి బల్ల మీద పెట్టాడు. అత్తమ్మ సంచీలోంచి అట్టముక్క తీసి పక్కన ఆనించింది. కార్డు నాలుగు వేళ్లు ఎక్కువుంది.

"ఇది హార్డ్‌డిస్క్‌ను గుద్దుతది. దీనికి వేరే కరెంటు వైరు గూడ కావాలె. అసొంటిది వద్దు. ఎన్ని వాట్లు తింటదో డబ్బా మీద సూపియ్యి."

అతను తెల్లబోయాడు. ఆ తరవాత "అమ్మా, మీరు యాడ జేస్తరు?" అంటూ కుర్చీ వేశాడు. అత్తమ్మ ఆరు డబ్బాలు విప్పించి, వెనకున్న సన్నటి రాత చదివి, పొట్టి కార్డొకటి ఎంచింది.

ఇంటికొచ్చి బిగించాం. స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది.

"మానిటర్ వైరు యాడ బెట్టినవ్?" అంది అత్తమ్మ.

పాత చోటే పెట్టాను! కొత్త కార్డుకు మార్చగానే వెలుగొచ్చింది. నా మేకపిల్ల గోడెక్కింది, దూకింది, ఎక్కడా ఆగకుండా మళ్లీ ఎక్కింది. నేను అరిచిన అరుపుకు నాన్న వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. అత్తమ్మ చప్పట్లు కొట్టి, మరోసారి నడిపించమంది. అద్దాలు సర్దుకుని దగ్గరికి వంగింది.

"మస్తుంది. కని ఎడమ ఎన్క కాలు భూమికి ఆన్తలేదు బిడ్డా."

నిజమే. వెంట్రుకవాసి గాల్లో ఉంది. రెండు రోజులు కూర్చుని దిద్దాను. కంపెనీలో చూసినాయన బొమ్మను ఆపి, "మేక బరువు తెలుస్తోంది" అన్నాడు. ఆ నెలే ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు బస్సెక్కించడానికి అత్తమ్మ ఉప్పల్ రింగ్‌రోడ్డు దాకా వచ్చింది. నాకంటే ఆమే ఎక్కువ మాట్లాడింది.

అత్తమ్మ పోయిన పదకొండో రోజు, ఇన్‌స్పెక్షన్‌లో ఆమెతో పనిచేసిన ఆడవాళ్లు ఆరుగురు నాచారం వచ్చారు. అందరివీ నెరిసిన తలలే. పొద్దు వాలింది. ముందు గదిలో ట్యూబ్‌లైటు కొట్టుకోవడం మొదలైంది. వాళ్లలో ఒకామె ఛాయ్ గ్లాసు కింద పెట్టి, ఎవరినీ అడక్కుండా స్టూలు లాక్కుని ఎక్కింది. ఇద్దరు స్టూలు పట్టుకున్నారు. ఇంకొకామె స్విచ్ ఆపి, "ఆ, ఇప్పుడు" అంది. పైనున్నామె ట్యూబు కొంచెం తిప్పి దిగింది. స్విచ్ వేశారు. లైటు నిలకడగా వెలిగింది. ఆరుగురూ తలలెత్తి, కళ్లు చికిలించి, కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు.